అమెరికాలో జిల్లేటి చుట్టము

రథసప్తమినాటి స్నానమునకును, వినాయకుని పత్రిపూజకును దప్ప జిల్లేడు మనకు జ్ఞప్తికి రాదు. ఆ కుటుంబమునకే చెందిన మొక్కలు ఉత్తర అమెరికా పచ్చికబయళ్లలో స్వభావసిద్ధముగా పెరుగుచున్నవి. వానిలో చాలవాటి ఆకు త్రుంచినచో తెల్లని పాలు గారును. అందుచేత నా దేశీయులు వానిని మిల్క్‌వీడ్, అనగా పాలకలుపు, అని పిలిచిరి.

పేరునకు కలుపే యైనను, నేడచ్చటి గృహిణులు పెక్కుమంది దీనిని కోరి పెంచుచున్నారు. నారింజవన్నె రెక్కలపై నల్లని గీతలుగల మోనార్క్ అను సీతాకోకచిలుకయే యిందుకు కారణము. ఇది మిల్క్‌వీడ్ మొక్కలమీదనే గ్రుడ్లు పెట్టును. దాని పురుగులు ఆ యాకులు దప్ప మఱేమియు దినవు. మన జిల్లేటి ఆకులు మేసి పెరుగు నారింజవన్నె చిలుక దీనికి దగ్గరి బంధువు.

శరత్కాలమున నీ చిలుకలు కెనడానుండియు, అమెరికా తూర్పు రాష్ట్రములనుండియు బయలుదేరి, కొన్ని 4,000 కిలోమీటర్లకు మించి యెగిరి, మెక్సికో కొండలలోని వనములలో చలికాలము గడపును. ఆ తావు శాస్త్రజ్ఞులకు 1975లో గాని తెలియలేదు. వసంతమున మరలినవి త్రోవలో గ్రుడ్లు పెట్టి మరణించును. మరుసటి శరత్తున నా కొండలకే చేరునవి వాని మనుమల సంతతి. అవి యా దారి నెన్నడును జూచినవి కావు!

అట్టి యాత్రికులకు దారిలో అన్నసత్రములు వలదా? పూర్వము మొక్కజొన్న చేలలో మిల్క్‌వీడ్ దానంతట మొలచెడిది. కలుపుమందునకు చావని పైరులు 1996 మొదలు వ్యాపించుటచే చేలలో నది మిక్కిలి తగ్గిపోయెను. కనుకనే యింటిపెరడే దానికి ముఖ్యమైన ఆశ్రయ మగుచున్నది.

అమెరికాలో కాపురమున్న మన సోదరీమణులకు దీని పెంపకము కష్టము గాదు. ఎండ బాగుగా తగులు స్థలము కావలెను. తేమనేలకు గులాబివన్నె పూలుగల చిత్తడి మిల్క్‌వీడ్ తగును. పొడినేలకు నారింజవన్నె పూల రకము మేలు. దాని తల్లివేరు లోతుగా దిగును గాన ఒకచోట నాటినపిమ్మట కదల్పరాదు. సాధారణ మిల్క్‌వీడ్ వేళ్లు ప్రాకి విస్తరించును గనుక చిన్నతోటకు తగదు. ఉష్ణదేశపు మిల్క్‌వీడ్ దక్షిణ రాష్ట్రములలో చలికాలమునను ఎండిపోక, చిలుకల రోగమునకు నెలవగును; దానికంటె స్థానికమైన రకములే మంచివి.

గింజలు చలి తగిలినగాని బాగుగా మొలవవు. శరత్కాలాంతమున ఆరుబయటనే చల్లవచ్చును. లేదా తడియిసుకలో కలిపి నెలకు తక్కువగాకుండ శీతలయంత్రములో నుంచి, వసంతమున పావు అంగుళము లోతున నాటవలెను. మొదటి యేట పూలు రాలేదని విచారింపవలదు. అప్పుడు మొక్క వేరు బలపరచుకొనుచుండును. చలికాలమున పైభాగ మెండినను వేరు బ్రదికియే యుండును. వసంతమున నిది ఆలస్యముగ చిగిర్చును గావున, చచ్చినదని త్రవ్వివేయకుండ గుర్తుగా నొక పుల్ల పాతవలెను.

అడవినుండి మొక్కలు పెకలించి తేరాదు. కొనునప్పుడు పురుగుమందు చల్లనివేనా యని అడుగవలెను. పసుపువన్నె పేను పట్టినచో నీటితో కడిగిన చాలును. ఈ పాలు కంటికి హానికరములు. మొక్కను ముట్టిన పిదప చేతులు కడుగుకొనవలెను, పసిపిల్లలను దూరముగా నుంచవలెను.

తన దేశపు అడవిపూలకు గౌరవము దెచ్చిన స్త్రీలలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ గారి భార్య లేడీ బర్డ్ జాన్సన్ ముఖ్యురాలు. రహదారుల శోభకై 1965లో శాసనము వచ్చుటకు ఆమె పాటుపడెను. 1982లో, తన డెబ్బదవ జన్మదినమున, నటి హెలెన్ హేస్‌తో గూడి టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరమున అడవిపూల పరిశోధనకు సంస్థను స్థాపించెను. నేడది ఆమె పేరనే వెలయుచున్నది.

తక్కిన మొక్కల ఆకులు పురుగు తినిన మనము బాధపడుదుము. మిల్క్‌వీడ్ ఆకులు చిల్లులు పడినచో మాత్రము అతిథులు వచ్చిరని సంతసింపవలెను. పెరటిలో నాలుగు మొక్కలకు చోటిచ్చినను, ఆ దూరయాత్రలో నొక మజిలీ నిలిపినవార మగుదుము.