అబిడ్సు వోటు, నాంపల్లి వోటు

అబిడ్సులో చీర కొని నాంపల్లి స్టేషనులో రైలెక్కు సోదరీమణులకు ఈ రెండు పేటలును ఒక్కటిగనే తోచును. నడుమనున్న దూరము కాలినడకకు అందినదే. కాని వోటు మాట వచ్చునప్పటికి ఇవి రెండును వేఱు లోకములు. అబిడ్సు గోషామహల్ శాసనసభా నియోజకవర్గములోనిది; అది హైదరాబాదు లోక్‌సభా స్థానములో చేరియున్నది. నాంపల్లి పేరు పెట్టుకొన్న నియోజకవర్గము సికింద్రాబాదు స్థానములోనిది. అందు రెడ్‌హిల్సు, మల్లేపల్లియే గాక మెహిదీపట్నము, ఆసిఫ్‌నగరు, గుడిమల్కాపురము కూడ నున్నవి. కనుక మెహిదీపట్నపు టిల్లాలు నాంపల్లి వోటరు! మన వోటెక్కడ నున్నదని ఇంటిలోని మగవారిని అడుగనక్కఱలేకుండ మనమే ఎఱిగియుండుట మేలని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

స్త్రీకి వోటు దక్కినను పేరు దక్కుట అంత సులభము గాలేదు. 1951-52 నాటి ప్రథమ సాధారణ ఎన్నికలకు పట్టికలు వ్రాయునపుడు, ముఖ్యముగ ఉత్తరదేశమున, అనేక స్త్రీలు తమ పేరు చెప్పక ‘ఫలానివారి భార్య’ననియో, ‘ఫలానివాని తల్లి’ననియో వ్రాయించుకొనిరి. అట్టివారిలో సుమారు 28 లక్షలమందిని పట్టికలనుండి తొలగించిరి. ఆ ఎన్నికలలోనే మన నగరమున మూసీకి ఆవలనున్న శాలిబండనుండి మాసూమా బేగముగారు శాసనసభకు గెలిచిరి. పదేండ్లకు, 1962లో, రాణీ కుముదినీదేవిగారు హైదరాబాదు నగర మేయరైరి. పరదాలకు పేరుపడ్డ నగరమున ఇది సామాన్యమైన సంగతి కాదు.

ఇక వోట్ల తీరు చూతము. గోషామహల్ నియోజకవర్గము 2008 నాటి పునర్విభజనలో ఏర్పడినది. 2009లో అచట కాంగ్రెసు అభ్యర్థి ముఖేష్‌గౌడుగారు గెలిచిరి. పిమ్మట 2014, 2018, 2023 సంవత్సరములలో భారతీయ జనతా పక్షము తరఫున రాజాసింగుగారే గెలిచిరి. 2018లో రాష్ట్రమందలి 119 స్థానములలో ఆ పక్షమునకు దక్కిన దిదియొక్కటే. పొరుగుననున్న నాంపల్లిలోనో, 2009 మొదలు నాలుగు పర్యాయములును మజ్లిస్ పక్షమే గెలిచినది. పేటకొక పక్షమని పెద్దలు తేల్చివేయుదురు గాని మాకది పూర్తిగ నచ్చదు. నాంపల్లిలో ఫిరోజ్‌ఖానుగారు 2014లో తెలుగుదేశము తరఫునను, 2018, 2023లలో కాంగ్రెసు తరఫునను నిలిచి, పక్షము మారినను ప్రధాన ప్రత్యర్థిగనే యుండిరి. గుర్తునకు గాక మనిషికి పడు వోట్లు గణనీయముగ నున్నవనియే గదా దీని యర్థము? 2023లో నగరమునకు పూర్వము మేయరుగా నుండిన మాజిద్ హుసేనుగారు ఆయనను 2,037 వోట్ల తేడాతో మాత్రమే గెలిచిరి.

నగరపాలక సంస్థ ఎన్నికలు మన వంటింటికి మఱింత దగ్గఱివి. మంచినీరు, మురుగునీరు జలమండలి చూచుకొనునుగాని, చెత్తబండి, వీధిదీపము, సందులోని బాట, పిల్లలాడుకొను ఉద్యానవనము నగరపాలక సంస్థవే. అబిడ్సు చేరియున్న గన్‌ఫౌండ్రీ వార్డు 2016లో తెలంగాణ రాష్ట్ర సమితికి దక్కి, 2020లో భారతీయ జనతా పక్షమునకు మారినది. నగరమంతటను అదే గాలి: సమితి స్థానములు 99 నుండి 56కు దిగినవి, భాజపావి 4 నుండి 48కి పెరిగినవి. మజ్లిస్ పక్షమునకు మాత్రము రెండు మాఱులును 44. అప్పటి 150 వార్డులలో 75 స్త్రీలకు కేటాయింపబడెను. 2021 ఫిబ్రవరిలో మేయరుగా గద్వాల విజయలక్ష్మిగారును, ఉపమేయరుగా మోతె శ్రీలతగారును ఎన్నికైరి.

ఇంత మార్పు తెచ్చినవారెందఱు? 2009లో నూటికి 42 మంది, 2016లో 45, 2020లో 46కు కొంచెము పైన. సగమైనను లేరు! 2024 లోక్‌సభ ఎన్నికలలో హైదరాబాదు, సికింద్రాబాదు రెండింటను నూటికి ఏబదిమంది వోటు వేయలేదు. నాంపల్లి నుమాయిష్‌కు పోవుటకు పిల్లలను చంకనెత్తుకొని వరుసలో నిలుచు జనము, సెలవిచ్చిన వోటుదినమున ఇల్లు కదలరేమో మాకు బోధపడదు. ఒక్క బద్ధకమే కారణమనుటయు అన్యాయమే. అద్దెకాపురములు వీధి మారును, పట్టికలో పేరు పాతయింటనే నిలిచిపోవును. అట్లు ఇల్లు మారినవారు ఎనిమిదవ నంబరు ఫారము నింపవలెను. క్రొత్తగ పేరు చేర్చుకొనువారికి ఆఱవ నంబరుది. నగరపాలక ఎన్నికలకును శాసనసభ పట్టికయే ఆధారము.

మా యెఱుకలోని యొక గృహిణి రెడ్‌హిల్సునుండి ఆసిఫ్‌నగరునకు ఇల్లు మారి, ఆ ఫారము సంగతి మఱచెను. 2023 నవంబరు 30న ఆమె పేరు పాతవీధి పట్టికలోనే యున్నది. “ఒక్క వోటుకొఱకు ఆటోకూలి యెందుకే?” యని యత్తగారు విసిగికొనిరట. ఆమె అన్నము వార్చి, గుర్తింపుకార్డు చీరకొంగున ముడివేసికొని, పాతవీధికి పోయి వోటు వేసి, మధ్యాహ్నమునకు మరలివచ్చి అందఱకును వడ్డించెను. మూడుదినముల పిమ్మట 2,037 అను సంఖ్య విన్నపుడు అత్తగారు ఏమియు ననలేదట. ఎవరికి వేసితివని మే మడుగలేదు, ఆమెయు చెప్పలేదు.