పట్నం పుస్తకాల్లో పల్లె ఎక్కడ?

బహదూర్‌పురా: పాలమూరు వైపు నుంచి పట్నం వెళ్లే దారి షంషాబాద్, ఆరాంఘర్ దాటిన తర్వాత బహదూర్‌పురా మీదుగా పాతబస్తీ అంచుకు చేరుతుంది. పల్లె జనానికి బహదూర్‌పురా అంటే జూపార్కు. 1963లో ప్రజల కోసం తెరిచిన ఈ పార్కును పిల్లలకు చూపించడానికి మూడు తరాలుగా జనం వస్తూనే ఉన్నారు. పులినీ, ఏనుగునీ చూసి, చెట్టు నీడన కాసేపు కూర్చుని, సాయంత్రం బస్సు పట్టుకుంటారు. పార్కును ఆనుకునే ఒక పెద్ద చెరువు ఉన్నది. దాని వంక చూడనివారు ఉండరు. దాని కథ తెలిసినవారు మాత్రం తక్కువ. అదే మీరాలం చెరువు.

ఆ చెరువు కథ పుస్తకాల్లో ఉన్నది. దానిని కట్టించిన దివాన్ కథా ఉన్నది. చరిత్ర, రాజకీయం, సమాజం గురించి పండితులు రాసిన పరిశోధన గ్రంథాలు హైదరాబాద్ మీద చాలానే వచ్చాయి. అయితే వాటిలో పల్లె ఎక్కడ ఉన్నది? రైతు, కూలీ, ఆడమనిషి ఎక్కడ కనిపిస్తారు? అవి పల్లెవాడికి అర్థమయ్యే భాషలో దొరుకుతాయా? బహదూర్‌పురా చెరువుగట్టు మీద నిలబడి ఆలోచిస్తే ఈ ప్రశ్నలు తప్పవు.

కమానులతో కట్టిన కట్ట

మీరాలం అసలు పేరు మీర్ అబుల్ ఖాసిం. 1799లో టిప్పు సుల్తాన్ మీదికి శ్రీరంగపట్నం వెళ్లిన నిజాం సేనల వెంట ఆయన ఉన్నాడు. 1804లో హైదరాబాద్ దివాన్ అయ్యాడు. 1808లో కన్నుమూసేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. చెరువు ఆయన హయాంలోనిదే.

పల్లెల్లో చెరువు కట్ట అంటే మట్టి కట్ట, లోపలివైపు రాతి పరుపు. ఇక్కడ అలా కాదు. దాదాపు కిలోమీటరు పొడవున 21 అర్ధచంద్రాకారపు రాతి కమానులను పక్కపక్కన నిలబెట్టారు. ప్రతి కమాను వీపు నీటి వైపు తిరిగి ఉంటుంది. గుమ్మం మీది కమాను పైబరువును రెండు పక్కల గోడలకు దించినట్టే, ఇక్కడ ప్రతి కమాను నీటి తోపుడును తన రెండు పక్కలనున్న దిమ్మెలకు అందిస్తుంది. అందువల్లనే ఈ కట్ట రెండు వందల ఏళ్లు దాటినా నిలిచి ఉన్నది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ రాకముందు నగరం దాహం తీర్చిన చెరువుల్లో ఇది ముఖ్యమైనది.

కట్టను ఎవరు కట్టారన్న విషయంలో మాత్రం పుస్తకాలు ఒక మాట మీద లేవు. నిజాం కొలువులోని ఫ్రెంచి ఇంజనీర్లని కొన్ని పాత పుస్తకాలు రాశాయి. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన ఇంగ్లీషు అధికారి అని మరికొన్ని రాశాయి. నిజాం కొలువులోని ఫ్రెంచి పటాలాన్ని ఇంగ్లీషువారు 1798లోనే రద్దు చేయించారు. చెరువు పని మొదలైంది మీరాలం దివాన్ అయ్యాక. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండో మాటకే కొంత బలం కనిపిస్తుంది. పరిశోధన గ్రంథం చేసే పని ఇదే. విన్న మాటను విన్నట్టు రాయక, తేదీతో తేదీని, కాగితంతో కాగితాన్ని తూచి చూస్తుంది.

మీరాలం బంధువు అబ్దుల్ లతీఫ్ షుస్తరీ అనే పండితుడు పారసీ భాషలో తుహ్‌ఫతుల్ ఆలం అనే గ్రంథం రాశాడు. విలియం డాల్‌రింపుల్ అనే రచయిత 2002లో ఇంగ్లీషులో వెలువరించిన వైట్ మొఘల్స్ అనే పుస్తకానికి అది ఎంతో ఉపయోగపడింది. ఆ పారసీ గ్రంథం తనకు చార్మినార్ సమీపంలోని ఒక పాత పుస్తకాల కొట్టులో దొరికినట్టు డాల్‌రింపులే రాసుకున్నాడు. రెండు వందల ఏళ్ల నాటి రాత ఒక చిన్న కొట్టులో దొరకడం, దానివల్ల ఒక కాలం తిరిగి కళ్లకు కట్టడం విశేషమే.

ఇన్ని పుస్తకాల్లోనూ దివాన్ ఉన్నాడు. ఇంజనీరు మీద వాదం ఉన్నది. ఆ పనికి తట్టా పారా పట్టుకుని వచ్చినవారు ఏ ఊళ్లవారు, వారికి కూలి పైకంగా ఇచ్చారా, జొన్నలుగా కొలిచారా, గుడిసెలు ఎక్కడ వేసుకున్నారు అన్నది మాత్రం కానరాదు. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర చెమటోడ్చిన పాలమూరు కూలీల బిడ్డలకు ఈ లోటు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

పహాణీ వెనుక ఉన్న కథ

పట్నం దివాన్ల చరిత్రతో పల్లెకు ఏం పని అనుకోవచ్చు. పని ఉన్నది. మీరాలం అల్లుడు మునీరుల్ ముల్క్. ఆయన మనుమడే 1853 నుంచి 1883 దాకా దివాన్‌గా ఉన్న మొదటి సాలార్‌జంగ్. 1865లో ఆయన తెచ్చిన జిలాబందీతో రాజ్యం జిల్లాలుగా, తాలూకాలుగా ఏర్పడింది. అంతకుముందు పన్ను వసూలును గుత్తకు తీసుకున్నవారు రైతును పిండేవారు. ఆ పద్ధతి తీసేసి జీతాల ఉద్యోగులను పెట్టారు. తహసీల్, పట్వారీ, జమాబందీ, పహాణీ వంటి మాటలు ఊరి నాలుక మీద స్థిరపడింది ఆ పాలనలోనే.

పట్వారీ పదవి 1984లో రద్దయింది. మాటలు మాత్రం పోలేదు. ఈనాటికీ భూమి తగాదా వస్తే తాత నాటి పహాణీ నకలు వెతకవలసిందే. ఆ కాగితం ఎలా పుట్టింది, దానిలో ఎవరి పేరు ఎందుకు ఎక్కింది, సాగు చేసినవాడి పేరు ఎందుకు ఎక్కలేదు అన్నది తెలిసిన రైతు కచేరీ ముందు తెల్లమొహం వేయడు. చరిత్ర పుస్తకం పరీక్ష రాసే పిల్లలకే కాదు, పొలం ఉన్నవాడికీ అవసరమే.

షీలా రాజ్ అనే పరిశోధకురాలు 1869 నుంచి 1911 దాకా హైదరాబాద్ సాంఘిక, ఆర్థిక జీవనం మీద రాసిన గ్రంథం 1987లో వచ్చింది. పాతబస్తీ ఎందుకు వెనుకబడిందన్న ప్రశ్నను తీసుకుని రత్నా నాయుడు రాసిన పుస్తకం 1990లో అచ్చయింది. గద్వాల, వనపర్తి వంటి సంస్థానాల పాలన గురించి బెంజమిన్ కోహెన్ అనే అమెరికా అధ్యాపకుడు 2007లో రాశాడు. ఇవన్నీ ఇంగ్లీషులో రాసినవి. ఇటువంటివి విశ్వవిద్యాలయాల కోసం అచ్చయ్యేవి గనుక వెల కూడా ఎక్కువే. గద్వాల కోట నీడన పుట్టిన రైతుబిడ్డ తన ఊరి సంస్థానం సంగతి తెలుసుకోవాలంటే దూరదేశంలో అచ్చయిన ఇంగ్లీషు పుస్తకం వెతకవలసి రావడం విచారకరం.

ఉర్దూలో చదువు, తెలుగులో బతుకు

భాష చిక్కు ఈనాటిది కాదు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. అందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను నెలకొల్పి చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రం వంటి విషయాల మీద ఇంగ్లీషు గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పవచ్చునని నిరూపించిన గొప్ప ప్రయత్నం అది. కాని రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ గౌరవం దక్కలేదు.

1921 నవంబరులో నగరంలోని వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి ఆపివేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది.

తెలుగులో శాస్త్ర గ్రంథాలు, చరిత్ర గ్రంథాలు రావాలన్న పట్టుదల అంతకుముందే ఈ నగరంలో మొలకెత్తింది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని ఇక్కడే స్థాపించారు. తరువాత అది మద్రాసుకు తరలినా, చిలుకూరి వీరభద్రరావు రాసిన ఆంధ్రుల చరిత్రము వంటి గ్రంథాలను తెలుగువారికి అందించింది.

సామెత కూడా సాక్ష్యమే

అయినా ఆ కాలపు చరిత్రల్లో ఎక్కువ భాగం రాజులదే. ఆ దారి మార్చినవారు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి. ఆయన స్వగ్రామం ఇటిక్యాలపాడు ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నది. 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. తెలంగాణలో కవులు లేరని ఒకరు ఎత్తిపొడిస్తే, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువరించి జవాబు చెప్పారు. జోగిపేట సభకు అధ్యక్షులు కూడా ఆయనే.

1949లో వెలువడిన ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర జనం చరిత్ర. ఏ కాలంలో జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దేవరలను కొలిచారు, ఏ సరుకు ఏ ఓడరేవు చేరింది అన్నదే దానిలో విషయం. రాజుల శాసనాల్లో ఇవి అంతగా దొరకవు గనుక కావ్యాలను, శతకాలను, కథలను, సామెతలను, పల్లెలో వాడే మాటలను సాక్ష్యానికి పిలిచారు. ముసలమ్మ నోటి సామెత కూడా తామ్రశాసనంతో పాటు సాక్ష్యమేనని చూపించారు. 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఈ గ్రంథానికే వచ్చింది. దానిని అందుకోవడానికి ఆయన లేరు. 1953లోనే కన్నుమూశారు.

మరో మంచి మాట ఉన్నది. రచయిత మరణించాక 60 ఏళ్లకు హక్కుల గడువు తీరుతుంది గనుక, 2014 నుంచి ఆయన పుస్తకాన్ని ఎవరైనా స్వేచ్ఛగా అచ్చు వేయవచ్చు. ఊరి యువజన సంఘం పూనుకున్నా అడ్డు లేదు.

ఏడాది ఆలస్యమైతే

సామెతలను అడిగినట్టే బతికి ఉన్న మనుషులనూ అడగాలన్నది తరువాతి అడుగు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరకు స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వెళ్లి, వారి మాటలను వారి యాసలోనే సేకరించి, 1986లో మనకు తెలియని మన చరిత్ర అనే పుస్తకంగా తెచ్చింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం మొదలుకొని హైదరాబాద్ నగరంలోని జమాలున్నీసా బేగం దాకా అందులో మాట్లాడారు. మూడేళ్ల తరువాత అది ఇంగ్లీషులోకి వెళ్లి దేశవిదేశాల పండితులకు ఆధార గ్రంథమైంది.

ఐలమ్మ 1985లో కన్నుమూసింది. పుస్తకం 1986లో వచ్చింది. అడిగేవారు కొద్దికాలం ఆలస్యం చేసి ఉంటే, తన పంట కోసం దొరను ఎదిరించిన ఆ తల్లి కథ ఆమె నోట వినే భాగ్యం మనకు లేకపోయేది. ప్రతి ఊళ్లోనూ ఇటువంటి గడియారం నడుస్తూనే ఉన్నది. వెట్టి చూసిన తరం దాదాపు వెళ్లిపోయింది. బొంబాయి, పుణే వలసలు చూసినవారు, మేస్త్రీల కింద ఆనకట్టల పనికి వెళ్లినవారు ఇప్పుడు వృద్ధులైనారు.

గ్రంథాలయంలో అడగాలి

1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలను తెలుగులో తెచ్చింది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్టు చరిత్ర, సమాజం గురించిన పుస్తకాలను తేలిక తెలుగులో, తక్కువ వెలకు అందించే పని చేపట్టింది. కనుక తెలుగులో పుస్తకాలు బొత్తిగా లేవనడానికి వీల్లేదు. అవి పల్లెదాకా రావడం లేదన్నదే అసలు బాధ.

1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. అంటే ఇల్లున్న ప్రతివారూ పుస్తకాల కోసం ముందే డబ్బు కట్టి ఉన్నారు. ఆ సొమ్ముతో నడిచే శాఖా గ్రంథాలయాల్లో చాలాచోట్ల దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలే కనిపిస్తాయి. ఉద్యోగ పరీక్షల్లో తెలంగాణ చరిత్ర ఉన్నందువల్ల యువకులు చరిత్ర చదువుతున్న మాట నిజమే. అయితే గైడులో ఉండేది పేరు, తేదీ మాత్రమే. ఎవరిని అడిగి రాశారు, ఎవరిని అడగలేదు అన్నది మూలగ్రంథం చదివితేగాని తెలియదు.

కాబట్టి గ్రామస్థులు చేయదగినవి రెండు ఉన్నాయి. శాఖా గ్రంథాలయానికి వెళ్లి ఈ పుస్తకాలు కావాలని లిఖితపూర్వకంగా కోరడం ఒకటి. నలుగురు సంతకాలు పెట్టి ఇస్తే జిల్లా గ్రంథాలయ సంస్థ కాదనడం కష్టం. బడి పిల్లల చేత ఊరి పెద్దల మాటలు రాయించడం రెండోది. చెరువు ఎవరు తవ్వారు, కరువులో ఏం తిన్నారు, ఏ పనికి ఏ దేశం వెళ్లారు, కూలి ఎంత వచ్చింది అని అడిగితే చాలు. ఒక నూరు పేజీల నోటుబుక్కు, చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ ఉంటే రేపటి పరిశోధకుడికి అది శాసనంతో సమానం.

మీరాలం కట్ట దగ్గర పని చేసినవారిని ఆనాడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా వారు లేరు. పాలమూరు నుంచి ఆనకట్టలకు వెళ్లి వచ్చినవారు మాత్రం ఇంకా ఊళ్లో రచ్చబండ మీద కూర్చునే ఉన్నారు.