వార్తల్లో పదం: డీసీ-డీసీ కన్వర్టర్

కోల్‌కతా ఖిదిర్‌పూర్ రేవు నుంచి కంటైనర్లు మోసే భారీ లారీల్లో ఎక్కువ భాగానికి 24 వోల్టుల విద్యుత్ వ్యవస్థ ఉంటుంది. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపితే వచ్చే వోల్టేజీ అది. కార్లు, వాటి వెనుక తగిలించే చిన్న ట్రైలర్ల దీపాలు మాత్రం 12 వోల్టులవి.

ఆ ట్రైలర్‌ను లారీకి నేరుగా కలిపితే బల్బులు క్షణాల్లో మాడిపోతాయి. ఫిలమెంటు నిరోధం మారదనుకుంటే, వోల్టేజీ రెట్టింపైనప్పుడు దానిలో ఖర్చయ్యే విద్యుత్ శక్తి లెక్క ప్రకారం నాలుగు రెట్లవుతుంది. లారీ వోల్టేజీని 12 వోల్టులకు తగ్గించి ట్రైలర్‌కు అందించే పరికరమే డీసీ-డీసీ కన్వర్టర్. ట్రైలర్ దీపాలన్నీ ఒకేసారి వెలిగినా తట్టుకునే సామర్థ్యం దానికి ఉండాలి. బ్రేకు, ఇండికేటర్లు విడివిడిగా పనిచేయాలి కాబట్టి సాధారణంగా ఒక్కో దీపం తీగకు రిలే (విద్యుత్‌తో పనిచేసే స్విచ్) కూడా అవసరం.

కొందరు కన్వర్టర్ లేకుండా, 12 వోల్టుల కోసం లారీ రెండు బ్యాటరీల మధ్య నుంచి తీగ లాగుతారు. ఇది చాలా తప్పు. ఒక బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రెండోది మితిమీరి చార్జవుతుంది, రెండూ పాడవుతాయి.

అన్నిటికన్నా తేలిక మార్గం 10 నుంచి 30 వోల్టుల వరకు పనిచేసే ఎల్‌ఈడీ దీపాలు. రాత్రి హైవేపై వెనుక దీపం లేని ట్రైలర్ ప్రాణాలు తీయగలదు. బయలుదేరే ముందు ప్రతి దీపాన్నీ వెలిగించి చూడండి.