మల్కాజిగిరి వేసవి

వైశాఖ మధ్యాహ్నమున మల్కాజిగిరి వీథులలో కొంతతడవు నిలిచితిమి. మిద్దెలపై వడియములు, బండ్లపై తాటిముంజెలు, మామిడికాయలు ముక్కలు కొట్టించుకొనువారి సందడి. ప్రతి చేతిలోను స్మార్టుఫోను. ముంజెలకొక చిత్రము, ఆవకాయ జాడీకి నాలుగు! 1886లో రాజా దీనదయాళుగారు సికింద్రాబాదున చిత్రశాల నెలకొల్పిననాడు ఛాయాచిత్రము ప్రభువులకును దొరలకును దక్కిన భోగము; నేడు కూరలమ్ముకొను స్త్రీకిని సులభము. మాకిది సంతోషమే. కాని వీథిమొగను బిందెలు వరుసగా నుంచి నీటిట్యాంకరుకై యెండలో నిలిచిన తల్లులవైపు ఒక్క ఫోనైనను తిరుగలేదు. ఆవకాయకన్న ఖాళీబిందె చూడదగినది కాదా? ఆ వరుసలోని బాలిక యొకతె మాత్రము బిందెల చిత్రము తీసి, ఎవరికి పంపవలెనని మమ్మడిగినది. అధికారులకు పంపుమంటిమి, జవాబు రాకున్న రేపును తీసి పంపుమంటిమి.