"సార్, వీడికి బాగోలేదు!"

కొన్నేళ్ళ క్రిందట మా ఊళ్ళో హైస్కూళ్ళ మధ్య కబడ్డీ పోటీలు జరిగాయి. మందుల పెట్టె, ఐసుగడ్డల డబ్బా పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చోవటం నా డ్యూటీ. మామూలుగా మోకాళ్ళు గీరుకున్నవాళ్ళూ, మడమ బెణికినవాళ్ళూ తప్ప పెద్ద పని ఉండదు.

ఫైనల్సు ఇంకో నాలుగు నిమిషాల్లో అయిపోతుందనగా, పొరుగూరి జట్టులో అందరికంటే చురుకైన కుర్రవాడు కూతకు వచ్చాడు. ఇద్దరు పట్టేశారు. ఆ పెనుగులాటలో ఒకడి మోకాలు వాడి కణతకు బలంగా తగిలింది. అయినా చెయ్యి చాచి మధ్యగీత తాకేశాడు. జనం ఒకటే చప్పట్లు. కుర్రవాడు లేచి, దుమ్ము దులుపుకుని, "ఏం లేదు సార్" అన్నాడు. స్పృహ తప్పలేదు, నెత్తురు రాలేదు. నిజం చెప్పవద్దూ, నేనూ కుర్చీలోంచి లేవలేదు.

లేచింది ఎవరంటే, మోకాలు తగిలించిన ఆ అవతలి జట్టు పిల్లవాడు. చెయ్యి పైకెత్తి రెఫరీతో అన్నాడు: "సార్, వీడికి బాగోలేదు. స్కోరెంత అని నన్నే రెండుసార్లు అడిగాడు. మా వైపు వచ్చి నిలబడ్డాడు." పొరుగూరి వాళ్ళు కేకలు మొదలుపెట్టారు. తమ ఆటగాణ్ణి బయటికి పంపటానికి ఇదో ఎత్తట! ఆ కుర్రవాడు కాసేపు తల వంచుకుని, "కావాలంటే నేనూ బయట కూర్చుంటాను సార్" అన్నాడు. అన్నట్టే వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

దెబ్బ తగిలినవాణ్ణి పిలిచి అడిగాను: పొద్దున ఏం తిన్నావు? ఇప్పుడు ఎవరితో ఆడుతున్నావు? రెండింటికీ జవాబు లేదు. ఆ రాత్రి రెండుసార్లు వాంతి అయింది. జిల్లా ఆసుపత్రికి పంపి స్కాన్ తీయించాం. అందులో ఏమీ కనిపించలేదు. తలనొప్పి మాత్రం మూడు వారాలు వదల్లేదు.

దీన్ని డాక్టర్లు కంకషన్ అంటారు. పుర్రె పగలకపోయినా, లోపల మెదడు ఒక్కసారి కుదుపుకు గురవుతుంది. దాని పని కొన్నాళ్ళు తడబడుతుంది. స్పృహ తప్పితేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. మేము చదువుకునే రోజుల్లో మాకూ ఇంచుమించు అలాగే ఉండేది. కాని ఎక్కువమంది పిల్లలు స్పృహ తప్పరు. తికమకపడతారు, అడిగిందే అడుగుతారు, వెలుతురు చూడలేకపోతారు, కారణం లేకుండా చిరాకుపడతారు. ఎక్స్‌రే, స్కాన్ బాగున్నంత మాత్రాన దెబ్బ లేదని కాదు.

చిక్కేమిటంటే, దెబ్బ తగిలిన పిల్లవాడు నిజం చెప్పడు. చెబితే ఆటలోంచి తీసేస్తారని భయం. గట్టు మీద ఉన్న మనకు అంత దూరం కనిపించదు. వాడి కళ్ళలోకి చూడగలిగే దూరంలో ఉండేది సాటి ఆటగాడే, చాలాసార్లు ఎదుటి జట్టువాడే. అందుకే వాడు నోరు విప్పితే "నీకెందుకురా" అని పెద్దలు కసరకూడదు. మెదడు కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే లోపల వాపు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఇది అరుదే, కాని వస్తే మా చేతుల్లో చెయ్యగలిగింది తక్కువ.

కాబట్టి అనుమానం వచ్చినరోజు ఇక ఆట లేదు. ఒకటి రెండు రోజులు పాఠాలూ, టీవీ, ఫోనూ తగ్గించి విశ్రాంతి ఇవ్వండి. తర్వాత కొద్దికొద్దిగా నడక, పరుగు. తలనొప్పి పూర్తిగా పోయి, డాక్టరు సరేనన్నాకే పోటీ. తలనొప్పికి పారాసెటమాల్ చాలు, ఆస్పిరిన్ ఇవ్వకండి. డాక్టరు చూసి పంపాక నిద్రపోనివ్వవచ్చు. రాత్రంతా మేలుకొలుపుతూ కూర్చోనక్కరలేదు. మళ్ళీ మళ్ళీ వాంతులైనా, తలనొప్పి పెరుగుతున్నా, మగతగా ఉండి లేపినా లేవకపోయినా, ఫిట్సు వచ్చినా, చెవిలోంచిగాని ముక్కులోంచిగాని నీరులాంటిది కారినా 108కి ఫోన్ చెయ్యండి. స్పృహలేని పిల్లవాడి నోట్లో నీళ్ళు పొయ్యకండి. మెడ నొప్పి అంటే కదపకండి.

దెబ్బ తగిలించినవాడి సంగతి ఎవరూ అడగరు. నా పక్కన కూర్చున్న ఆ కుర్రవాడు ఆట ముగిసేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. 2022 ఆగస్టులో అమెరికాలోని టెక్సాస్‌లో చిన్నపిల్లల బేస్‌బాల్ పోటీలో ఒకడు విసిరిన బంతి బ్యాటు పట్టినవాడి హెల్మెట్‌కు తగిలింది. పడ్డవాడు లేచి, బంతి విసిరినవాడు ఏడుస్తుంటే చూసి, వెళ్ళి వాణ్ణి కౌగిలించుకున్నాడు. చూడటానికి ఎంతో బాగుంది. కాని డాక్టరు బుద్ధి ఊరుకోదుగా, ఆ రాత్రి ఆ పిల్లవాడికి తలనొప్పి ఉందేమో ఎవరైనా అడిగారా అనుకున్నాను!

ఆగితే గెలుపు పోతుందని తల్లిదండ్రుల బెంగ. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా జాతీయ మైలు పరుగులో 19 ఏళ్ళ రాన్ క్లార్క్ పడిపోయాడు. అతని మీదుగా దూకిన జాన్ ల్యాండీ బూటు ముళ్ళు చేతికి గుచ్చుకున్నాయి. ల్యాండీ ఆగి, వెనక్కి వచ్చి, అతణ్ణి పలకరించి, మళ్ళీ పరుగెత్తి గెలిచాడు. అందరూ గెలుస్తారని కాదు. మా ఊరి జట్టు ఆ రోజు రెండు పాయింట్లతో ఓడిపోయింది.

వారం తర్వాత ఆ కుర్రవాడు నాన్నతో కలిసి ఆసుపత్రికి వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచి. పొరుగూరికి వెళ్ళటానికి మొహమాటమట, నన్ను పంపమన్నాడు.

"మళ్ళీ ఆడతాడా సార్?"

"ఆడతాడురా. ఈ నెల మాత్రం కాదు."