సముద్రస్నానము – పిల్లల క్షేమము

మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పిల్లలు చెరువులను, మానేరును, గోదావరిని ఎరుగుదురు గాని సముద్రమును ఎరుగరు. బాసర కడ తెలంగాణమున ప్రవేశించి, కాళేశ్వరమునొద్ద ప్రాణహితను కలుపుకొను మన గోదావరియే అంతర్వేది మొదలగు తావుల బంగాళాఖాతమున కలియుచున్నది. సెలవులలో పిల్లలతో సూర్యలంకకో మంగినపూడికో పోవు తలిదండ్రులు ఒక్క సంగతి తెలిసికొనియుండుట మేలని తలంచుచున్నాము.

చెరువున అలలేని నీటిని చూచి మనము ధైర్యము చెందుదుము. సముద్రమున ఈ యెన్నిక చెల్లదు. అలలు ఒడ్డునకు తెచ్చిన నీరు మరల లోపలికి పోవలెను గదా! అది ఇసుకతిన్నెల నడుమ పల్లమును వెదకికొని, సన్నని పాయయై వేగముగా వెనుకకు పోవును. అచ్చట లోతెక్కువగుటచే అలలు అంతగా విరుగవు. ఇరుప్రక్కల నురుగుండగా నడుమ నీరు నెమ్మదిగా కనబడును. పిల్లలు ఆ తావునే కోరుదురు. అపాయమును అచ్చటనే యున్నది.

ఈ పాయ మనుష్యుని క్రిందికి లాగదు, దూరమునకు కొనిపోవును. దానికి ఎదురీదువాడు అలసి మునుగును. కావున కలతపడక, ఒడ్డువెంబడి ప్రక్కకు ఈది, పాయను దాటిన పిమ్మట అలలతోకూడ ఒడ్డు చేరవలెను. ఈదలేనివారు వెల్లకిల తేలుచు, చేయెత్తి పిలువవలెను. ఒడ్డుననున్నవారు తొందరపడి దుమికినచో ఒకరికి మారుగా ఇద్దరు పోవుదురు. త్రాడునో, తేలెడి వస్తువునో విసరుట మంచిది.

చిన్నవారిని మోకాలిలోతు దాటనీయక, చేయి చాచిన అందునంత దగ్గర నుండుడు. సముద్రమునకు హద్దు నియమించినవాడు దేవుడు; పిల్లలకు హద్దు నియమించుట మన పని.