గుల్మార్గ్‌కు ఒక్కరోజు చాలదు

సంక్రాంతి సెలవులకు కశ్మీర్ వెళ్తున్నామని మా చెల్లెలు విజయవాడ నుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యా, పిల్లలిద్దరి చేతా స్కీయింగ్ చేయిద్దామనుకుంటున్నాం. ట్రావెల్స్ వాళ్లు ప్యాకేజీ పంపారు, ఒకసారి చూడు" అంది. చూశాను. ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. శ్రీనగర్ మొగల్ తోటలు, దాల్ సరస్సులో షికారా, పహల్గాం, సోన్‌మార్గ్, మధ్యలో ఒకరోజు గుల్మార్గ్. ఆ ఒక్కరోజులోనే పొద్దున్నే శ్రీనగర్‌లో బయల్దేరి, యాభై కిలోమీటర్లు వెళ్లి, గండోలా అనే తీగమార్గం ఎక్కి దిగి, చీకటి పడేలోగా వెనక్కి రావాలి. స్కీయింగ్‌కు మిగిలేది గంట. ఆ గంటలో పిల్లవాడు బూట్లు తొడుక్కుంటాడు, నాలుగుసార్లు పడతాడు, ఒక ఫొటో దిగుతాడు.

"అది మంచు చూసిరావడం అవుతుంది గానీ స్కీయింగ్ కాదమ్మా" అన్నాను. ఆ తర్వాత రెండు వారాలు మేమిద్దరం ఫోన్లోనే ఆ ప్రయాణాన్ని విప్పి మళ్లీ కట్టాం. అప్పుడు తనకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

స్కీయింగ్ ఈత లాంటిది. చెబితే అర్థమవుతుంది, ఒంటికి మాత్రం పట్టదు. జారుతున్నామని అనిపించగానే ఒళ్లు దానంతటదే వెనక్కి వాలుతుంది. స్కీల మీద ఆ వాలడమే మనల్ని పడేస్తుంది. బరువు మడమల మీదికి పోతే స్కీల ముందుభాగం మంచు మీద పట్టు కోల్పోతుంది, ఇక అవి మన మాట వినవు. వాలు కిందికి ఉన్నా సరే, ముందుకే ఒంగాలి. భయపడుతున్న ఒంటిని దీనికి ఒప్పించడానికి ఒక పూట చాలదు. మొదటిరోజు నిలబడటం, రెండోరోజు ఆగడం, మూడోరోజు తిరగడం. చాలామందికి పాఠం ఈ వరసలోనే వస్తుంది. మూడోరోజు మధ్యాహ్నం పిల్ల ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చిన్న వాలు దిగి, తనంతట తాను ఆగి, వెనక్కి తిరిగి పైకి చూస్తుంది. ఇంత డబ్బూ ఇంత దూరమూ ఆ ఒక్క చూపు కోసమే అని నేను మనసారా నమ్ముతాను. అందుకే పహల్గాం, సోన్‌మార్గ్ తీసేసి, శ్రీనగర్‌లో ఒక రాత్రి, గుల్మార్గ్‌లో నాలుగు రాత్రులు పెట్టుకోమన్నాను.

గుల్మార్గే ఎందుకు? ఉత్తరాఖండ్‌లో ఔలీ కూడా మంచి చోటే. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల్లో స్కీ పోటీలు అక్కడ జరిగాయి. అయితే రిషికేశ్ నుంచి ఔలీ కింద ఉన్న జోషిమఠ్ దాకా కొండదారిలో పగలంతా ప్రయాణం. చిన్నపిల్లలతో వెళ్లేటప్పుడు రానూ పోనూ రెండు రోజులు దారికే పోతాయి. మనాలీ దగ్గర సోలాంగ్‌లో సరదాగా ఒక పూట గడపవచ్చు. విమానాశ్రయానికి దగ్గరగా, బస పక్కనే నేర్చుకునే వాలు ఉన్న చోటు కావాలంటే గుల్మార్గే నయం. అక్కడ 1927లోనే స్కీ క్లబ్ పెట్టారు. 2020 నుంచి ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో మంచు పోటీలు కూడా అక్కడే జరుగుతున్నాయి.

ఇక అసలు చిక్కు సెలవులది. చలికాలంలో మనకు ఏకబిగిన వారం దొరికేది సంక్రాంతికే. కశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్, అంటే చలికాలం నడినెత్తి మీద ఉండే కాలం. క్యాలెండరు చూస్తే మన పండుగ సరిగ్గా దాని మధ్యలో పడుతుంది, బాగానే కుదిరిందనిపిస్తుంది. మంచు మాత్రం తేదీ చూసుకుని పడదు. మధ్యధరా ప్రాంతం వైపు నుంచి తేమను మోసుకొచ్చే వాయు ప్రవాహాలు హిమాలయాలను తాకితేనే అక్కడ మంచు. వాతావరణ శాఖ వాటిని వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు అంటుంది. 2024 జనవరిలో అవి బలహీనపడ్డాయి. నెల చివరిదాకా గుల్మార్గ్ మైదానం గోధుమరంగు గడ్డితోనే ఉండిపోయింది. ఆ సంక్రాంతికి టికెట్లు కొనుక్కున్నవాళ్లకు చూడటానికి మంచే లేదు. 2025లో ఏకంగా ఖేలో ఇండియా పోటీలనే మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా వేశారు.

కాబట్టి నా మాట ఇది. ఇంట్లో పదో తరగతి, ఇంటర్ పిల్లలు లేకపోతే బడికి వారం సెలవు పెట్టించి ఫిబ్రవరి మొదటి సగంలో వెళ్లండి. అప్పటికి మంచు మేట వేసి ఉండే అవకాశం ఎక్కువ, చలి కాస్త తగ్గుతుంది, పగలు కాస్త పెరుగుతుంది. పరీక్షల వల్ల సంక్రాంతికే వెళ్లక తప్పదంటే, రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే గదులే తీసుకోండి. బయల్దేరడానికి పది రోజుల ముందు నుంచి గుల్మార్గ్ వాతావరణం రోజూ చూడండి.

గుల్మార్గ్ అనగానే అందరూ గండోలా గురించే అడుగుతారు. రెండు దశల తీగమార్గం అది. మొదటి దశ గుల్మార్గ్ నుంచి కొంగ్‌డోరీకి, సుమారు 3,080 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. రెండో దశ అఫర్వత్ కొండ భుజం మీదికి, నాలుగు వేల మీటర్లకు కాస్త తక్కువ ఎత్తుకు. ఆకాశం తేటగా ఉంటే మొదటి దశ ఒకసారి ఎక్కి చూసి రావచ్చు. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందుగానే అయిపోతాయి, గాలి హెచ్చితే బండి ఆపేస్తారు, కాబట్టి ప్రయాణమంతా దానిచుట్టూ అల్లుకోవద్దు. రెండో దశ మాత్రం మొదటిసారి స్కీలు తొడిగేవాళ్లది కాదు. అక్కడి వాలులు ఎవరూ చదును చేయని పచ్చి మంచువి. నేర్పరులకు కూడా అవి ప్రాణాంతకమే. 2023 ఫిబ్రవరిలో మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు, మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయరు ఆ కొండ మీదే చనిపోయారు. "పైదాకా తీసుకెళ్తాను సార్, మీవాడు బాగా చేస్తున్నాడు" అని రెండోరోజు ఎవరైనా అంటే గట్టిగా వద్దనండి.

మన చోటు కింద ఉంది. గండోలా కింది స్టేషన్ పక్కన, వేసవిలో గుర్రాలు మేసే పచ్చిక మీదే మంచు పరుచుకుని చిన్న చిన్న వాలులు ఏర్పడతాయి. బేబీ స్లోప్స్ అంటారు. జారుతూ పోయినా చివర చదునుగా ఉంటుంది కాబట్టి వేగం దానంతటదే చచ్చిపోతుంది. కొన్నిచోట్ల పైకి లాక్కెళ్లే డ్రాగ్ లిఫ్టులు ఉంటాయి. వాటి మీద కూర్చోకూడదు. స్కీలు మంచు మీదే ఆనించి, నిలబడి లాగించుకోవాలి. కుర్చీ అనుకుని కూలబడితే పడిపోతాం. ఈ ఒక్క ముక్క పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

బూట్ల దగ్గర తొందరపడవద్దు. స్కీలు, కర్రలు, బూట్లు అన్నీ అక్కడే అద్దెకు దొరుకుతాయి. వాటిలో రోజును నిలబెట్టేదీ చెడగొట్టేదీ బూటే. అది గట్టి ప్లాస్టిక్ డొప్పలా ఉంటుంది, మొదటిసారి తొడిగినవాళ్లకు కాలు బంధించినట్టే ఉంటుంది. బాధగా ఉందని ఒక సైజు పెద్దది అడుగుతాం. అదే పొరపాటు. వదులు బూటులో కాలు కదులుతుంది గానీ స్కీ కదలదు. నిటారుగా నిలబడ్డప్పుడు బొటనవేలు బూటు కొనను తాకీతాకనట్టు ఉండాలి. మోకాళ్లు ముందుకు వంచగానే వేళ్లు కాస్త వెనక్కి జరిగి ఊరట దొరకాలి. మడమ పైకి లేవకూడదు. ఒక్క జత పలచని పొడవాటి సాక్సే వేయండి. చలికి భయపడి రెండు జతలు వేస్తే నెత్తురు ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి, ముడతలు పడ్డచోట బొబ్బలెక్కుతాయి. మా చెల్లెలు నాలుగు జతల ఉన్ని సాక్సులు కొనేసింది. మూడింటిని రాత్రి నిద్రకు దాచుకోమన్నాను.

నేర్చుకునేవాళ్ల స్కీ నిలబెడితే గడ్డానికీ ముక్కుకూ మధ్య వస్తే చాలు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగును దుకాణం వాళ్లు మన బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నేర్పు చూసి బిగిస్తారు. పడినప్పుడు అది ఊడిపోవాలి, కాలిని కాపాడేది ఆ ఊడటమే. బరువు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అడగకుండానే బిగిస్తుంటే మీరే అడిగి చేయించండి. హెల్మెట్ పిల్లలకూ పెద్దలకూ తప్పనిసరి అనే నేనంటాను.

లంబసింగి చలికే దుప్పట్లు వెతుక్కునే మనకు, రాత్రి మైనస్ 10 దాకా దిగే చోట ఏం వేసుకోవాలన్నది సహజమైన బెంగ. లావుపాటి కోటు ఒక్కటి కన్నా పలచటి పొరలు మూడు మేలు. ఒంటికి అంటుకునేది థర్మల్, దానిపైన ఉన్ని లేదా ఫ్లీస్, అన్నిటి పైన నీరు పట్టనిది. నూలు బనియన్లు, జీన్సు వద్దు. నూలు చెమటను, కరిగిన మంచును పీల్చుకుని ఆరదు, ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఉన్ని చేతితొడుగులు పదిసార్లు పడేసరికి నానిపోతాయి, కాబట్టి నీరు పట్టనివి పిల్లలకు రెండు జతలు కావాలి. ఎండకు సన్‌స్క్రీన్ కూడా. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో ఎనభై శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయాలి. కళ్లకు గాగుల్స్ లేకుండా ఒక్క గంట కూడా వద్దు.

నేర్పేవాళ్లను పర్యాటక శాఖ గుర్తింపు కార్డు చూసి, రోజుకు ఎంతో, సామాను అద్దె అందులో కలిసిందో లేదో ముందే మాట్లాడుకుని కుదుర్చుకోండి. కేంద్ర పర్యాటక శాఖ కింద ఐఐఎస్ఎం అనే శిక్షణ సంస్థ కూడా ఉంది గానీ, అక్కడివి రోజుల తరబడి సాగే వసతి కోర్సులు. కాలేజీ పిల్లలకు అవి బాగుంటాయి. ఇద్దరు పిల్లలకు ఒక గురువు, అదే మనిషి మూడు రోజులూ ఉండేలా చూసుకోండి. వాళ్లు హిందీలో చెబుతారు. పిల్లలకు ముందే మూడు మాటలు నేర్పి పంపండి: రుకో అంటే ఆగు, ఘుట్నే మోడో అంటే మోకాళ్లు వంచు, ఆగే ఝుకో అంటే ముందుకు ఒంగు.

మొదట నేర్పేది స్నోప్లౌ, మంచు నాగలి. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనుక కొనలు దూరంగా పెట్టి, మడమలను బయటికి నెట్టాలి. అప్పుడు స్కీల లోపలి అంచులు మంచును కోస్తాయి. ఎంత విప్పితే అంత వేగం తగ్గుతుంది. కుడికాలి మీద బరువు వేస్తే ఎడమవైపు, ఎడమకాలి మీద వేస్తే కుడివైపు తిరుగుతాం. మొదటి మూడు రోజుల విద్య ఇంతే. పడక తప్పదనిపిస్తే పక్కకు కూర్చున్నట్టు పడటం మంచిది. పిల్లలకు మొదట్లో కర్రలు ఇవ్వకుండా ఉంటేనే నయం, చేతుల మీద ధ్యాస పోదు. నాలుగైదేళ్ల పిల్లలు కూడా మొదలుపెట్టవచ్చు, గంటకు మించి లాగవద్దు. మిగతావాళ్లకు పొద్దున రెండు గంటలు, తిండి, నిద్ర, ఓపిక ఉంటే మధ్యాహ్నం ఇంకో గంట. అలసిన కాళ్లకే దెబ్బలెక్కువ. ఇంకో మాట. వాలు మీద ముందున్నవాళ్లకు మనం కనిపించం. తప్పుకుని పోవాల్సింది వెనక నుంచి వచ్చేవాళ్లే. ప్రపంచమంతా పాటించే రివాజు ఇది.

గుల్మార్గ్ ఎత్తు సుమారు 2,650 మీటర్లు. మొదటిరోజు కాస్త తలనొప్పి, ఆయాసం రావచ్చు. చేరిన పూట విశ్రాంతి తీసుకుని, నీళ్లు బాగా తాగితే చాలామందికి సర్దుకుంటుంది. వాంతులు, తగ్గని తలనొప్పి ఉంటే మాత్రం కిందికి దిగిపోవాలి. గదిలో బుఖారీ అనే కట్టెల పొయ్యి గానీ గ్యాస్ హీటరు గానీ వెలిగిస్తే కిటికీ కాస్త తెరిచి ఉంచండి. నిద్రపోయే ముందు ఆర్పించండి. మూసిన గదిలో పొగ కనిపించకుండానే ప్రాణం తీస్తుంది. బసలో విద్యుత్ దుప్పటి ఉందో లేదో కనుక్కుంటే ఈ అవసరమే రాదు.

మిగతావి చిన్న జాగ్రత్తలు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు. ఒక పోస్ట్‌పెయిడ్ నంబరైనా ఉండాలి. మంచు పడ్డరోజు గుల్మార్గ్‌కు కింద ఉన్న టంగ్‌మార్గ్ దాటాలంటే టైర్లకు గొలుసులు కట్టిన బండి కావాలి. శ్రీనగర్ విమానాలు మంచుకు, పొగమంచుకు రద్దవుతుంటాయి కాబట్టి ఆఫీసులో చేరాల్సిన రోజుకు ముందు ఒక ఖాళీ రోజు ఉంచుకోండి. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో జరిగిన ఉగ్రవాద దాడి తర్వాత కశ్మీర్‌లో కొన్ని పర్యాటక స్థలాలను మూశారు, వాటిలో కొన్నిటిని మళ్లీ తెరిచారు. బయల్దేరే ముందు ప్రభుత్వ సూచనలు చదవండి. బీమా సంగతి కూడా. మామూలు ఆరోగ్య బీమాలో సాహసక్రీడల మినహాయింపు సాధారణంగా వృత్తిగా ఆడేవాళ్లకే వర్తిస్తుంది. ప్రయాణ బీమాలో మాత్రం స్కీయింగ్‌ను పూర్తిగా తీసేసి ఉండవచ్చు. కంపెనీని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

అన్నీ తేలాక చెల్లెలు కాసేపు ఆగి, "మరి నాన్న సంగతి? ఇంట్లో ఒక్కణ్ణీ వదిలి వెళ్లాలని లేదు" అంది. నాన్నకు డెబ్బై మూడు, బీపీ ఉంది. డాక్టరుకు చూపించి, డాక్టరు సరేనంటే తీసుకెళ్లమన్నాను. పైకి గండోలాలో వద్దు. పిల్లల వాలు కిందే కుర్చీ వేయించి, చేతికి వేడి కశ్మీరీ కహ్వా టీ ఇస్తే ఆయనకు అన్నీ కనిపిస్తాయి. నేర్చుకునే వాలులో ఉన్న గొప్ప సుఖం అది. పిల్లలు దిగి వచ్చి ఆగేది తాతయ్య ముందే.

"మంచులో నడిచే బూట్లు ఆయనకు కూడా అద్దెకు తీసుకోవాలి కదా" అంది చెల్లెలు. "నాన్న కాలి కొలత ఎంతో నీకు గుర్తుందా అన్నయ్యా?" నాకూ గుర్తులేదు. ఫోన్ పెట్టకుండానే లోపలికి వెళ్లి ఆయన చెప్పులు తిరగేసి చూసొచ్చింది. తొమ్మిది.